పొదుపు మనది, పెత్తనం ఎవరిది?

సంఘం డబ్బు సొంత పరపతి సంఘంలో ఉంచుకోవాలా, పెద్ద బ్యాంకులో ఉంచుకోవాలా? నల్లగొండ, మహబూబ్‌నగర్ ప్రాంతాల్లో పొదుపు సంఘాల స్త్రీలతో మాట్లాడటానికి ఎప్పుడు వెళ్లినా నాకీ ప్రశ్న ఎదురవుతూనే ఉంది. (2016లో విడగొట్టక ముందున్న పాత జిల్లాల గురించే నేను మాట్లాడుతున్నాను.) దీని మీద మనలో కూడా రెండు వాదాలున్నాయి. బ్యాంకును సమర్థించేవారు భద్రతనూ, తక్కువ వడ్డీనీ, ప్రభుత్వ రాయితీనీ చూపిస్తారు. సొంత సంఘాన్ని సమర్థించేవారు స్వావలంబన గురించీ, స్త్రీల నాయకత్వం గురించీ చెబుతారు. రెండింటిలోనూ నిజం ఉంది. అయితే ఆ డబ్బు మీద నిర్ణయం ఎవరిది అనే అసలు ప్రశ్నను రెండూ దాటేస్తున్నాయి.

నా వాదన సూటిగా చెబుతాను. స్త్రీల పొదుపు స్త్రీల సంఘంలో, వాళ్ల నిర్ణయం ప్రకారమే తిరగాలి. అప్పు ఇవ్వాల్సిన బాధ్యత బ్యాంకుది. బ్యాంకు అప్పు ఇస్తోంది కదా అని పొదుపు మీద అధికారం వదులుకోమనడం అన్యాయం. సంఘం ఉంది కదా అని బ్యాంకును బాధ్యత నుంచి తప్పించడం అంతకన్నా పెద్ద అన్యాయం.

బ్యాంకు చేసేది దయ కాదు

1969లో 14 పెద్ద బ్యాంకులను జాతీయం చేసినప్పుడు చెప్పిన కారణాల్లో ఒకటి, పల్లెల్లో పేదలకు అప్పు పుట్టాలని. 1975లో గ్రామీణ బ్యాంకులు మొదలుపెట్టినప్పుడు చెప్పిందీ అదే. ఆ క్రమంలోనే నల్లగొండకు నాగార్జున గ్రామీణ బ్యాంకు, మహబూబ్‌నగర్‌కు సంగమేశ్వర గ్రామీణ బ్యాంకు వచ్చాయి. ఇవాళ కూడా వాణిజ్య బ్యాంకులు తమ రుణాల్లో 40 శాతం ప్రాధాన్య రంగాలకు, 18 శాతం వ్యవసాయానికి ఇచ్చి తీరాలన్నది రిజర్వు బ్యాంకు నిబంధన. పొదుపు సంఘాలకు ఇచ్చే అప్పు ఈ లెక్కలోకే వస్తుంది. అంటే మేనేజరు మనకు అప్పు ఇచ్చినప్పుడు తన లక్ష్యాన్ని తాను పూర్తి చేసుకుంటున్నాడు. దానికి మనం దండలు వేసి సన్మానాలు చేయాల్సిన పని లేదు.

మరి బ్యాంకుల్లో మన మాటకున్న విలువ ఎంత? ఆ రెండు గ్రామీణ బ్యాంకులూ 2006లో ఆంధ్రప్రదేశ్ గ్రామీణ వికాస్ బ్యాంకులో కలిసిపోయాయి. 2025 జనవరి 1 నుంచి దాని తెలంగాణ శాఖలు తెలంగాణ గ్రామీణ బ్యాంకు కిందకు వచ్చాయి. స్టేట్ బ్యాంక్ ఆఫ్ హైదరాబాద్ 2017లో స్టేట్ బ్యాంక్ ఆఫ్ ఇండియాలో, ఆంధ్రా బ్యాంకు 2020లో యూనియన్ బ్యాంకులో కలిశాయి. బోర్డు మీద పేరు మారింది, పాసుపుస్తకం మారింది. ఇన్ని విలీనాల్లో ఒక్కదానికైనా అక్కడ డబ్బు దాచుకున్న స్త్రీల అభిప్రాయం ఎవరూ అడగలేదు. అడగాలని చట్టంలోనూ లేదు. బ్యాంకులో మనం ఖాతాదారులం మాత్రమే. ఖాతాదారుకు ఓటు లేదు.

పొదుపు సంఘాలకు 10 లక్షల రూపాయల వరకు ఇచ్చే అప్పుకు హామీ అడగకూడదనీ, సంఘం పొదుపు ఖాతాను అప్పు కింద పట్టి ఉంచకూడదనీ, అప్పు ఇవ్వడానికి డిపాజిట్ చేయమని ఒత్తిడి చేయకూడదనీ రిజర్వు బ్యాంకు స్పష్టంగా ఆదేశించింది. కానీ నేను తిరిగిన మండలాల్లో పొదుపు ఖాతా నుంచి డబ్బు తీయడానికి పోయిన స్త్రీలను ‘ముందు అప్పు తీర్చి రండి’ అని తిప్పి పంపిన శాఖలు ఒకటి రెండు కావు. ‘మా పైసలు మాకియ్యనీకి సారుకు ఏం నొప్పి?’ అన్నది ఆ స్త్రీల ప్రశ్న. ఇది అమాయకపు ప్రశ్న కాదు, నిబంధన వాళ్ల పక్షానే ఉంది. అది వాళ్లకు తెలియజెప్పాల్సిన మనమే చాలాసార్లు మేనేజరు పక్కన కుర్చీ వేసుకుని కూర్చుంటున్నాం.

ఒక చిన్న లెక్క వేద్దాం. పన్నెండు మంది సభ్యులు నెలకు వంద రూపాయల చొప్పున పదేళ్లు పొదుపు చేస్తే అసలే 1,44,000 రూపాయలు. దాని మీద బ్యాంకు మూడు శాతం వడ్డీ ఇస్తుందనుకున్నా ఏడాదికి 4,320 రూపాయలు. అదే బ్యాంకు నుంచి అంతే మొత్తం ఏడు శాతానికి అప్పు తెస్తే కట్టాల్సిన వడ్డీ 10,080 రూపాయలు. సొంత డబ్బును వాడుకోనివ్వకుండా అంతే డబ్బును అప్పుగా ఇచ్చినందుకు పన్నెండు మంది కూలి స్త్రీలు ఏటా 5,760 రూపాయలు చెల్లిస్తున్నారన్నమాట! అదే 1,44,000 సంఘంలోనే రూపాయి వడ్డీకి తిరిగితే ఏడాదికి 17,280 రూపాయలు వస్తుంది. ఆ వడ్డీ కట్టేదీ వాళ్లే, తిరిగి పంచుకునేదీ వాళ్లే.

వడ్డీ ప్రభుత్వం కడుతోంది కదా అంటారు. ముందు కట్టాల్సింది స్త్రీలు, వాపసు వచ్చేది ప్రభుత్వం నిధులు విడుదల చేసినప్పుడు. వడ్డీలేని రుణాల బకాయిలు తెలంగాణలో ఏళ్ల తరబడి ఎలా నిలిచిపోయాయో మనందరికీ తెలిసిందే.

ఊళ్లో ఉన్నంత మాత్రాన మనది కాదు

ఇప్పుడు రెండో వాదానికి వద్దాం. ‘స్థానికం’ అనే మాట వినగానే మనలో చాలామంది మెత్తబడిపోతారు. ఊళ్లోనే ఉన్న సంస్థల్లో మన స్థానం ఏమిటో ఒకసారి చూడండి. ప్రాథమిక వ్యవసాయ సహకార పరపతి సంఘం మండలంలోనే ఉంటుంది. కానీ దాని సభ్యత్వం, అప్పు పట్టాదారు పాసుపుస్తకం వెంట నడుస్తాయి. పట్టా భర్త పేరునో, మామ పేరునో ఉన్నప్పుడు పొలంలో రోజంతా వంగి పనిచేసే స్త్రీకి అక్కడ ఓటెక్కడిది? మహబూబ్‌నగర్ కేంద్రంగా 2001లో కృష్ణా భీమా సమృద్ధి లోకల్ ఏరియా బ్యాంకు వచ్చింది. అదీ స్థానికమే. కానీ అదొక కంపెనీ, అక్కడ అప్పు తీసుకున్నంత మాత్రాన స్త్రీ యజమాని కాదు. 2011లో స్త్రీనిధి వచ్చింది. 48 గంటల్లో అప్పు చేతికందించాలన్నది దాని లక్ష్యం. వడ్డీవ్యాపారి గడప తొక్కకుండా ఎంతోమందిని అది ఆపింది, ఆ మేలు కాదనలేం. కానీ అందులో వాటాలు మండల సమాఖ్యలవీ, ప్రభుత్వానివీ. ఊళ్లో ఉన్న సభ్యురాలికీ ఆ సంస్థ నిర్ణయాలకూ మధ్య ఎన్ని మెట్లున్నాయో లెక్కపెట్టి చూడండి.

సహకార సంఘాన్ని ప్రభుత్వ పెత్తనం నుంచి బయటకు తెచ్చిన చట్టం మన దగ్గరే వచ్చింది. 1995 నాటి పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం అది. అంతకు ముందున్న 1964 చట్టం కింద ప్రభుత్వం పాలకవర్గాలను రద్దు చేయవచ్చు, ఎన్నికలు వాయిదా వేయవచ్చు. 1995 చట్టం కింద ప్రభుత్వ వాటా ధనం తీసుకోని సంఘం తన నియమాలు తానే రాసుకుంటుంది, తన ఎన్నికలు తానే జరుపుకుంటుంది. వరంగల్, కరీంనగర్ జిల్లాల్లో కోఆపరేటివ్ డెవలప్‌మెంట్ ఫౌండేషన్ చేయూతతో ఏర్పడిన స్త్రీల పొదుపు సంఘాలు సభ్యుల పొదుపునే సభ్యులకు అప్పుగా ఇస్తూ నిలబడ్డాయి. మన జిల్లాల్లో కూడా గ్రామ సంఘాలు, మండల సమాఖ్యలు చాలావరకు ఈ చట్టం కిందే నమోదయ్యాయి. కానీ ఎజెండా రాసేది ఎవరు? తీర్మానం ఏ తేదీన చేయాలో చెప్పేది ఎవరు? పై కార్యాలయం నుంచి ఫోను వస్తే తీర్మానం జరిగిపోతుంది. చట్టం ఇచ్చిన స్వాతంత్ర్యాన్ని పథకాలు వెనక్కు లాక్కున్నాయి.

ప్రమాదాలు కూడా దాచకుండా చెప్పుకుందాం. బ్యాంకు డిపాజిట్‌కు 2020 నుంచి 5 లక్షల రూపాయల వరకు బీమా ఉంది. పొదుపు సహకార సంఘంలో దాచిన డబ్బుకు ఆ బీమా లేదు. ‘సహకార’ అనే పేరు కూడా హామీ కాదు. 2001లో కృషి బ్యాంకు, ఆ తర్వాత చార్మినార్ బ్యాంకు మూతపడినప్పుడు హైదరాబాదులో డిపాజిటర్లు రోడ్డున పడ్డారు. అందుకే సొంత సంఘం కావాలనేవారు పుస్తకం సంగతి కూడా మాట్లాడాలి. నెలనెలా లెక్క అందరి ముందూ పైకి చదవాలి. బుక్‌కీపరు ఒక్కరికే తెలిసిన లెక్క సంఘం లెక్క కాదు. ఆడిట్ బయటివారితో చేయించాలి. అప్పుగా తిరగని మిగులును బ్యాంకులోనే ఉంచుకోవచ్చు, ఎప్పుడంటే అప్పుడు తీసుకునే హక్కుతో.

అప్పు ఆమెది, బోరు అతనిది

మన ఎర్రనేలల్లో ఈ చర్చ బోరుబావి దాకా పోతుంది. పంటరుణం బ్యాంకులో పట్టా ఉన్న మగవాడికి వస్తుంది. అది చాలదు. బోరు ఎండిపోతుంది, ఇంకో బోరు వేయాలి. అప్పుడు ఇంట్లో అందరి కళ్లూ సంఘం అప్పు మీద పడతాయి. స్త్రీ పేరు మీద వచ్చిన డబ్బు బోరులోకి పోతుంది. నీళ్లు పడితే అతని పొలం, పడకపోతే ఆమె అప్పు. పంట ఏడాదికి ఒకసారో రెండుసార్లో వస్తుంది. సంఘం కిస్తీ నెలనెలా కట్టాలి. ఆమె దాన్ని పత్తి ఏరిన కూలి నుంచి, పాలు అమ్మిన డబ్బు నుంచి కడుతుంది. వ్యవసాయానికి పెట్టుబడి ఇవ్వాల్సిన బ్యాంకు, రాజ్యం ఆ భారాన్ని చడీచప్పుడు లేకుండా స్త్రీల నెలవారీ కిస్తీల మీదకు నెట్టేశాయి. దీన్నే మనం సాధికారత అని నివేదికల్లో రాస్తున్నాం!

పాలమూరు వలస సంగతి ఇంకో రకం. ఆరు నెలలు ముంబయిలోనో పుణేలోనో మట్టి మోసే స్త్రీ నెలనెలా సమావేశానికి ఎలా వస్తుంది? రాలేదు కాబట్టి సంఘం నుంచి పేరు కొట్టేస్తారు. మేస్త్రీ ఇచ్చిన అడ్వాన్సే ఇక ఆమెకు బ్యాంకు. తండాల్లో, దళితవాడల్లో, ఒంటరి స్త్రీలలో సంఘాలకు బయట మిగిలిపోయిన వారెవరని అడిగితే మొదట కనిపించేది వీళ్లే. వలస పోయినవారు తిరిగొచ్చాక ఒకేసారి కట్టుకునే నియమం పెద్ద బ్యాంకు కంప్యూటరు రాయదు. సొంత నియమాలు రాసుకునే హక్కున్న సంఘం రాయగలదు. సొంత సంఘం ఎందుకు కావాలంటే ఇందుకు కావాలి. ఆ పని చేయని సంఘానికీ బ్యాంకుకూ తేడా ఏమీ లేదు.

మూడోవాడు గుమ్మంలో ఉన్నాడు

మనం ఈ రెండింటి మధ్య తర్జనభర్జన పడుతుంటే మూడోవాడు లోపలికి వస్తున్నాడు. 2006లో కృష్ణా జిల్లాలో, 2010లో రాష్ట్రమంతటా సూక్ష్మరుణ సంస్థల వారం వారం వసూళ్లు ఎన్ని ఆత్మహత్యలకు దారితీశాయో మనం చూశాం. ఒకరు కట్టకపోతే మిగతా స్త్రీలను ఆమె గుమ్మం ముందు కూర్చోబెట్టిన పద్ధతి అది. స్త్రీల స్నేహాన్ని తాకట్టు వస్తువుగా మార్చిన పద్ధతి. 2010 అక్టోబరులో ఆర్డినెన్సు, డిసెంబరులో చట్టం వచ్చాక ఆ సంస్థలు వెనక్కు తగ్గాయి. 2022లో రిజర్వు బ్యాంకు వాటి వడ్డీ మీద ఉన్న పరిమితిని తీసేసింది. 2023 ఫిబ్రవరిలో తెలంగాణ హైకోర్టు, రిజర్వు బ్యాంకు వద్ద నమోదైన ఇలాంటి ఫైనాన్స్ కంపెనీలకు ఆ రాష్ట్ర చట్టం వర్తించదని చెప్పింది. తలుపు మళ్లీ తెరుచుకుంది. బ్యాంకు తిప్పి పంపిన స్త్రీ, సంఘం పేరు కొట్టేసిన స్త్రీ ఆ తలుపు దగ్గరికే పోతుంది.

నల్లగొండలో ‘సంఘం’ అనే మాటకు ఒక చరిత్ర ఉంది. 1940లలో ఊరివాళ్లు సంఘం అని పిలిచింది ఆంధ్ర మహాసభను. వెట్టినీ, దొరల నాగు వడ్డీనీ ఎదిరించినందుకు దానికా పేరు దక్కింది. 1992లో నెల్లూరులో సారా దుకాణాలు మూయించిన స్త్రీలు కూడా సంఘంగానే కదిలారు. ఆ బలాన్నే తర్వాత రూపాయి రూపాయి పొదుపులోకి మళ్లించారు. ఇప్పుడు మండల సమీక్షా సమావేశాల్లో సంఘం అంటే రికవరీ శాతం. ‘కోటి మందిని కోటీశ్వరులను చేస్తాం’ అనే నినాదం కింద కూడా లెక్కపెట్టేది ఇచ్చిన అప్పునే.

కనుక మన కార్యకర్తలు స్త్రీలకు ‘ఇది మంచిది, అది చెడ్డది’ అని తీర్పు చెప్పడం మాని కొన్ని విషయాలకు పట్టుబట్టాలి. ప్రతి సంఘం తన పొదుపు ఖాతాను బ్యాంకు పట్టి ఉంచిందో లేదో రాతపూర్వకంగా అడగాలి. ఉంచితే రిజర్వు బ్యాంకు నిబంధనను చూపి, జవాబు కూడా రాతపూర్వకంగానే తీసుకోవాలి. సంఘం పొదుపు ముందు సభ్యుల అప్పులకు తిరగాలి, ఆ తర్వాతే బ్యాంకు అప్పు. వ్యవసాయానికి వాడే అప్పుకు పంట వచ్చినప్పుడు కట్టే గడువు ఉండాలి. పట్టా లేకున్నా సాగు చేస్తున్న స్త్రీకి పరపతి సంఘంలో సభ్యత్వమూ పంటరుణమూ ఇవ్వాలి. వలస కుటుంబాల పేర్లు సంఘం నుంచి కొట్టేయడం ఆగాలి. ఇక మనవైపు నుంచి, వసూళ్లకు వెళ్లే పని మన సంస్థల కార్యకర్తలు మానుకోవాలి. అప్పు వసూలు బ్యాంకు పని, దానికి బ్యాంకు జీతాలిస్తోంది.

వచ్చే నెల మండల సమాఖ్య సమావేశంలో మొదటి విషయాన్ని ఎజెండాలో పెట్టించండి. ఎన్ని ఖాతాలు పట్టి ఉంచారో లెక్క తీస్తే, ఈ రెండు జిల్లాల స్త్రీల డబ్బు ఎంత బ్యాంకుల గుప్పిట్లో ఉందో మనకు తెలుస్తుంది. ఆ లెక్క చేతిలో పట్టుకుని అందరం కలిసి జిల్లా లీడ్ బ్యాంకు మేనేజరు దగ్గరికి వెళదాం.