బొమ్మపై చేసినవారి పేరు

జర్మనీ దేశమున తురింజియా అడవుల నడుమ, సోన్నెబెర్గ్, వాల్టర్స్‌హౌజన్ ప్రాంతములందు శతాబ్దము క్రిందట తయారైన పింగాణీ శిశుబొమ్మలను వెదకి వెదకి సేకరించువారు నేడు ఐరోపా, అమెరికాలలో అనేకులు గలరు. అట్టి బొమ్మ చేతికి వచ్చినప్పుడు, వారు దాని ముద్దుమోమును చూచి మురియుటతో తృప్తి చెందక, మెల్లగా దానిని బోర్లించి, తలకట్టును ఒకింత పైకెత్తి, మెడవెనుక మట్టి పచ్చిగా నున్నప్పుడే అచ్చుపడిన అక్షరములను, అంకెలను దీపము దగ్గఱ చదువుదురు. ఏ.ఎం. అను అక్షరములును, 351 అను సంఖ్యయు కనబడినచో, అది కోపెల్స్‌డార్ఫ్‌లోని ఆర్మాండ్ మార్సెయ్ కర్మాగారమున పుట్టి, నోరు తెఱచి రెండు పాలపండ్లు చూపు పాప యనియు, 341 అయినచో పెదవులు మూసిన దాని తోబుట్టు వనియు వారికి తెలియును.

ఆ బొమ్మల యందము కాదనరానిది. తెల్లని పింగాణీమట్టిని పలుచగా కలిపి అచ్చులో పోసి, కాల్చి, మెఱుగుపూత పూయక, చర్మపుఛాయను, చెక్కిళ్ల యెఱుపును, ఒక్కొక్క వెండ్రుకగా కనుబొమలను కుంచెతో దిద్ది మరల కాల్చుటచేత, ఆ రంగు తరములు గడచినను వెలిసిపోదు. 1909లో కేమర్ అండ్ రైన్‌హార్ట్ సంస్థవారు, అంతవఱకు చెల్లుబడిలో నున్న బొమ్మలాటి నున్నని మొగములను విడిచి, నిజమైన పసికందు ముఖమును, దాని ముడుతలతో సహా, బొమ్మకు తెచ్చిరి. 1890 నాటి అమెరికా సుంకపు చట్టము దిగుమతి సరకుపై జన్మదేశము పేరుండవలెనని శాసింపగా, జర్మనీ యను మాటయు ఆ మెడలపై చేరినది. అయినను ఒక లోటు మిగిలినది. సోన్నెబెర్గ్ పరిసరములందు తమ యిండ్లలోనే కూర్చుండి, పిల్లలతో సహా, బొమ్మల యవయవములను అతికి, దుస్తులు కుట్టి, కూలికి పనిచేసిన కుటుంబముల పేర్లు ఏ మెడపైనను లేవు. కర్మాగారము పేరు నిలిచినది, పనిచేసిన చేతి పేరు పోయినది.

చిలమత్తూరున నుండి ఈ ముచ్చట వ్రాయుటకు హేతువు కలదు. ఇచ్చటినుండి లేపాక్షి, హిందూపురము, పెనుకొండలు దాటి ధర్మవరము చేరినచో, ఆ మండలముననే నిమ్మలకుంట యున్నది. మేకతోలును నానబెట్టి, వెండ్రుకలు గీకి, బిగించి యారబెట్టగా, వెలుతురు చొరబడునంత పలుచనైన యా తోలుపై కలముతో రూపము గీసి, చిన్న యులులతో చిల్లులు పొడిచి నగలును, అంచులును తీర్చి, రెండువైపుల రంగులద్ది, కీళ్లను దారముతో ముడివేసి, నిలువెత్తు రావణుని తెరవెనుక నడిపించునట్టి కళ అచ్చటి కుటుంబములది. ఆ పని చూచినవారికి ఒక్క సంగతి స్పష్టమగును: చెవికమ్మలోని చిల్లు ఒకటి వంకరపోయినచో తెరపై వెలుగు ఆ తప్పును చాటును; కనుక చేయి నిదానముగా సాగవలెను. 2008లో ఆంధ్రదేశపు తోలుబొమ్మలకు భౌగోళిక గుర్తింపు వచ్చినది; 2020లో ఆ యూరి దళవాయి చలపతిరావు గారికి పద్మశ్రీ లభించినది. ఈ రెండును సంతోషకరములే.

కాని బొమ్మపై చేసినవారి పేరు వ్రాయు సంప్రదాయము మనకు లేదు. భౌగోళిక గుర్తింపు ప్రాంతమును చెప్పును గాని మనిషిని చెప్పదు. ఇది కులవృత్తి, అందఱి సొత్తు, ఒక్కరి పేరెందుకని కొందఱందురు. ఈ వాదము నాకు సమ్మతము కాదు. ఆటలో బొమ్మ మేళము సొత్తుగా నున్నంతకాలము ఊరూర దాని కర్తను ఎఱిగినవారుండిరి. ఇప్పుడది దీపపుతెరయై, గోడపటమై బెంగళూరు యిండ్లకును, విదేశములకును పోవుచుండగా, ఆ యెఱుక గుమ్మము దాటగానే తెగిపోవును. స్టుట్‌గార్ట్ నగరములోని లిండెన్ మ్యూజియం దక్షిణభారతపు తోలుబొమ్మలను భద్రపఱచినది. మన పల్లెల బొమ్మకు పరాయిదేశమున చోటు దొరకునపుడు, దాని కర్తకు ఒక పంక్తియైనను దక్కవలదా?

చేయదగినది కొంచెమే. బొమ్మ యంచున, పాదము వెనుక, చేసినవారి పేరును, ఊరును, సంవత్సరమును చెఱగని సిరాతో వ్రాయవలెను. మన పొరుగూరి పేరే పెట్టుకొనిన లేపాక్షి హస్తకళల విక్రయశాలలు వెలచీటిపై ఆ వివరము చేర్చవలెను. కొనువారు ‘అన్నా, దీనిమీద నీ పేరు రాసియ్యి’ అని నోరు విడిచి యడుగవలెను. మేళములవారి పెట్టెలలో నున్న పాతబొమ్మల సంగతి వేఱు. వాటికి ముందుగా ఛాయాచిత్రములతో ఒక పట్టిక కావలెను. అరుగుమీద ఆ బొమ్మను చేతబట్టి, కిరీటపు చిల్లుల వరుస చూచి, ఇది మా తాత పని యని చెప్పగల వృద్ధులు నిమ్మలకుంటలో ఉన్నప్పుడే, జిల్లా యధికారులు ఆ పట్టిక పనికి మనిషిని పంపవలెను.