షజరాలో వ్రాయని వివరం

కడుపులో మంట, అజీర్తి అంటూ ఆస్పత్రికి వెళ్లినవారికి హెలికోబాక్టర్ పైలోరీ పరీక్ష వ్రాయడం నేడు పరిపాటి అయింది. రిపోర్టులో ‘నెగెటివ్’ అని వస్తే ఇంటిల్లిపాదీ ఊపిరి పీల్చుకుంటారు. “క్రిమి లేదట, ఇక క్యాన్సర్ భయం లేదు” అని బంధువులకు కబురు పంపుతారు. ఈ మాటలో సగమే సత్యం ఉంది.

ముందు ఆ సగాన్ని చూద్దాం. ఆస్ట్రేలియాలోని పెర్త్ నగరంలో రాబిన్ వారెన్, బారీ మార్షల్ అనే ఇద్దరు వైద్యులు 1982లో ఈ క్రిమిని ప్రయోగశాలలో పెంచగలిగారు. కడుపు పూతకు, పుండ్లకు దాని పాత్రను వెల్లడించినందుకు 2005లో వారికి నోబెల్ బహుమతి లభించింది. ప్రపంచ ఆరోగ్య సంస్థకు చెందిన క్యాన్సర్ పరిశోధనా విభాగం 1994లో ఈ క్రిమిని క్యాన్సర్ కారకాల మొదటి వర్గంలో చేర్చింది. జీర్ణాశయ క్యాన్సర్లలో అధిక భాగానికి మూలం ఇదే. సోకినవారిలో అత్యధికులకు క్యాన్సర్ రాదు. అయినా వైద్యుడు మందులు వ్రాస్తే మధ్యలో మానకుండా పూర్తిగా వాడాలి.

ఇక రెండవ సగం. ‘నెగెటివ్’ అన్న ఫలితం ఒక్కోసారి నమ్మదగినది కాదు. ఒమెప్రజోల్, పాంటోప్రజోల్ వంటి గ్యాస్ మాత్రలు వాడుతున్నప్పుడు, లేక ఇటీవల యాంటీబయాటిక్ మందులు తీసుకున్నప్పుడు క్రిమి ఉన్నా పరీక్షకు చిక్కకపోవచ్చు. కనుక వాడుతున్న మందులన్నింటినీ పరీక్షకు ముందే వైద్యునికి చెప్పాలి. ఏది ఎన్నాళ్లు ఆపాలో ఆయనే నిర్ణయిస్తారు.

క్రిమి నిజంగానే లేనివారిలో సైతం కొందరికి ఈ క్యాన్సర్ వస్తుంది. పొగాకు ప్రమాదాన్ని పెంచుతుంది. అన్నవాహిక జీర్ణాశయంతో కలిసే చోట వచ్చే క్యాన్సర్‌కు స్థూలకాయంతోనూ, ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నడంతోనూ సంబంధం ఉంది. ఎప్‌స్టీన్-బార్ అనే వైరస్ జాడ జీర్ణాశయ క్యాన్సర్లలో సుమారు పదింట ఒకదానిలో కనబడుతుంది. వీటికి తోడు రక్తసంబంధం ద్వారా సంక్రమించే రకం ఒకటుంది. కుటుంబాలు ముఖ్యంగా తెలుసుకోవలసింది దీనిని గురించే.

న్యూజిలాండ్ దేశపు మావోరీ ప్రజలలో ఒక పెద్ద కుటుంబం ఉండేది. సుమారు మూడు దశాబ్దాలలో ఆ కుటుంబంలో పాతిక మందికి పైగా జీర్ణాశయ క్యాన్సర్‌తో మరణించారు. వారిలో చిన్న వయసువారూ ఉన్నారు. ఇది ఏదో శాపమని కొందరు భావించారు. అయితే ఆ కుటుంబీకులు అంతటితో ఆగలేదు. తరతరాల వంశక్రమాన్ని కంఠస్థంగా నిలుపుకునే సంప్రదాయం మావోరీలది. ఎవరి సంతానంలో ఎవరు, ఏ వయసులో, ఏ జబ్బుతో పోయారో చెప్పి, ఒటాగో విశ్వవిద్యాలయ శాస్త్రవేత్తల సాయం కోరారు. 1998లో కారణం బయటపడింది. అది సీడీహెచ్1 అనే జన్యువులోని లోపం.

జీర్ణాశయపు పొరలోని కణాలను ఒకదానితో ఒకటి అంటిపెట్టి ఉంచే పదార్థాన్ని తయారుచేయించేది ఈ జన్యువు. లోపం ఏర్పడినప్పుడు కణాలు విడిపోతాయి. అవి గడ్డ కట్టకుండా పొర అడుగున చెల్లాచెదురుగా పాకుతాయి. అందువల్ల తొలిదశలో ఎండోస్కోపీకి కూడా దొరకకపోవచ్చు. తల్లిదండ్రులలో ఒకరికి లోపం ఉంటే, కుమారుడైనా కుమార్తె అయినా, ప్రతి బిడ్డకూ అది సంక్రమించే అవకాశం సగానికి సగం. లోపం ఉన్న ప్రతివారికీ జబ్బు రాదు. అయితే స్త్రీలకు ఒక రకపు రొమ్ము క్యాన్సర్ ముప్పు కూడా పెరుగుతుంది. లోపం ఉన్నట్లు తేలినవారిలో కొందరు జబ్బు రాకముందే జీర్ణాశయాన్ని పూర్తిగా తీయించుకుంటారు. ఆపైన కొద్దికొద్దిగా పలుమార్లు తింటూ, జీవితాంతం బి12 విటమిన్ తీసుకుంటూ బ్రతుకుతారు. అది కఠినమైన నిర్ణయమే. కాని నిర్ణయించుకునే అవకాశమంటూ వారికి దక్కింది.

మరి మన ఇళ్ల సంగతి ఏమిటి? ఎన్నో ఖాందాన్లలో షజరాను భద్రంగా దాచుకుంటారు. ఎవరు ఎవరి కుమారుడో ఏడెనిమిది తరాల వరకు అందులో కనబడుతుంది. ఎవరు ఏ వ్యాధితో పోయారో మాత్రం ఎవరూ వ్రాయరు. “దాదాకు కడుపునొప్పి వచ్చి పోయారు”, “ఫుప్పూకు నజర్ తగిలింది” అన్నంతటితో సరిపెడతారు. క్యాన్సర్ అన్న మాట బయటపడితే ఆడపిల్లల సంబంధాలు చెడిపోతాయని పెద్దలు పెదవి విప్పరు. ఆ భయం అర్థం కానిది కాదు. కాని దాచినంత మాత్రాన రక్తంలో ఉన్నది పోతుందా? తెలియక మోసుకుపోయేది మన బిడ్డే. అనుభవించేది ఆమె, ఆమె సంతానం.

కనుక ఈ నెల ఒక పని చేయండి. వయసు మళ్లిన నానీమా, దాదీమాల దగ్గర కూర్చొని అడిగి, ప్రతి పేరు ప్రక్కన వ్యాధినీ, అది వచ్చిన వయసునూ వ్రాయండి. ఒకే వంశంలో ఇద్దరికి జీర్ణాశయ క్యాన్సర్ వచ్చినా, ఒక్కరికే యాభై ఏళ్లలోపు వచ్చినా, దానితోపాటు రొమ్ము క్యాన్సర్ కనబడినా, ఆ కాగితం తీసుకొని క్యాన్సర్ వైద్యుని కలిసి జన్యు పరీక్ష అవసరమా అని అడగండి.

అకారణంగా బరువు తగ్గడం, నాలుగు ముద్దలకే కడుపు నిండడం, మ్రింగుడు పడకపోవడం, ఆగని వాంతులు, తారులా నల్లని విరేచనం, కారణం తెలియని రక్తహీనత — వీటిలో ఏది కనిపించినా, ‘నెగెటివ్’ రిపోర్టు చేతిలో ఉన్నా సరే, ఆలస్యం చేయకండి. కడుపుమంట ఉన్న ప్రతివారికీ క్యాన్సర్ ఉండదు, భయపడనవసరం లేదు. వైద్యుని వద్ద ఏదీ దాచకుండా చెప్పడం మాత్రం తప్పనిసరి.