ముక్కు చెప్పని సాక్ష్యము

పాడుబడిన బావిలోనికి మనిషిని దింపుటకు ముందు మోకునకు లాంతరు కట్టి దించి, దీపము ఆరకున్నచో దిగవచ్చునని నిశ్చయించుట మన పల్లెలలో పెద్దలు పాటించిన పద్ధతి. ప్రాణవాయువు మిక్కిలి తగ్గిన చోట దీపము నిలువదన్న సత్యము అందున్నది. కాని మండు వాయువైన మీథేను నిండిన గోతిలో ఆ దీపమే మృత్యుహేతువు కాగలదు. నేటి నగరములలో మ్యాన్‌హోలు మూత తెరచి, కొంతసేపు వాసన పోనిచ్చి, మేస్త్రీ 'దిగు' అనగానే నడుమునకు త్రాడైనను లేక దిగు కార్మికునకు ఆ లాంతరుపాటి సాక్ష్యమైనను దొరకుట లేదు. అతనికున్న ఏకైక సాక్షి అతని ముక్కు.

ఆ సాక్షి నమ్మదగినది కాదు. మురుగు కుళ్ళుటవలన పుట్టు హైడ్రోజన్ సల్ఫైడు స్వల్పముగా ఉన్నప్పుడు కుళ్ళిన కోడిగ్రుడ్ల వాసన కొట్టును; గాలిలో పది లక్షల పాళ్ళకు 100 పాళ్ళు చేరునప్పటికి కొలది నిమిషములలో ఘ్రాణశక్తినే హరించును; 1000 పాళ్ళయినచో ఒకటి రెండు ఊపిరులలోనే మనిషిని కూల్చును. వాసన తగ్గినది, గాలి బాగుపడినదని దిగువాడు తలపోయు క్షణమే మిక్కిలి విపత్కరమైనది కావచ్చును. ఇక కార్బన్ మోనాక్సైడునకు వాసనయే లేదు. లోపల కూలినవానిని చూచి ఆగలేక దిగిన తోటివాడును అక్కడనే ఒరిగిపోవుట ఈ ప్రమాదములలో తరచుగ వినబడు కథ.

అరచేతిలో ఇమిడి జేబునకు తగిలించుకొనదగినది, ప్రాణవాయువు, మండు వాయువు, హైడ్రోజన్ సల్ఫైడు, కార్బన్ మోనాక్సైడు అను నాలుగు వాయువులను కొలుచు డిటెక్టరు ఈ లోపమును తీర్చుటకే పుట్టినది. స్వచ్ఛమైన గాలిలో 20.9 శాతముండు ప్రాణవాయువు 19.5కు దిగినను, మండు వాయువు అంటుకొనుటకు వలసిన కనిష్ఠ పరిమాణములో పదవ వంతునకు చేరినను, సాధారణముగా అది కూత పెట్టి, ఎఱ్ఱదీపము వెలిగించి, వణకి హెచ్చరించును. ఐతే మూత దగ్గర నిలిచి ఒకమారు చూచినంత మాత్రమున చాలదు. మీథేను తేలిక గనుక పైకి చేరును, హైడ్రోజన్ సల్ఫైడు బరువు గనుక అడుగునకు దిగును. కావున పరికరమునకు తగిలించిన గొట్టమును పైన, నడుమ, అడుగున ఆపి, గాలి పరికరమును చేరువరకు ఓపిక పట్టి మూడు చోట్లను చదువవలెను. మండు వాయువులను కొలుచు సెన్సారు పలు పరికరములలో తానే ప్రాణవాయువుపై ఆధారపడి పనిచేయును గావున, ప్రాణవాయువు అంకెను మొదట చూడక తక్కినవానిని నమ్మరాదు. ప్రతిదినము పనికి ముందు, పాళ్ళు తెలిసిన వాయువును సెన్సార్లకు చూపి, కూత వచ్చునో రాదో పరీక్షింపవలెను.

ఇదంతయు తెలియనిది కాదు. మానవ మలమును మనుషులచేత ఎత్తించుటను నిషేధించిన 2013 నాటి చట్టము క్రింద చేసిన నియమములలో, రక్షణోపకరణముల పట్టికయందు నాలుగు వాయువుల మానిటరు పేరు స్పష్టముగ నున్నది. మురుగులో మరణించినవారి కుటుంబములకు 10 లక్షల రూపాయలీయవలెనని 2014లో చెప్పిన సర్వోన్నత న్యాయస్థానము, 2023లో దానిని 30 లక్షలకు పెంచినది. వేలలో కొనదగిన వస్తువును కొనక, కొన్నదానిని బీరువాలో దాచి, లక్షలలో పరిహారము చెల్లించుట పొదుపు అనిపించుకొనదు.

యంత్రముతో కాగల పనికి మనిషిని దింపుటయే తప్పు. డిటెక్టరు ఆ తప్పునకు అనుమతిపత్రము కారాదు. దిగక తప్పని అరుదైన పనిలో మాత్రము పరికరము దిగువాని ఒంటిపైననే ఉండవలెను. అది కూసినంతనే పని ఆపి పైకి వచ్చు హక్కు అతనికుండవలెను, ఆ పూట కూలి తెగరాదు. కూత విన్నవానికి ఆగుటకు అధికారము లేనప్పుడు ఆ కూత వ్యర్థము.

పాఠకులకు ఒక మనవి. మీ సెప్టిక్ ట్యాంకు శుభ్రపరచుటకు వచ్చినవారు మూత తీసి లోనికి దిగబోయినచో, డిటెక్టరు ఏదని గుత్తేదారును అడుగుడు. లేదన్నచో మీ గడపలో ఎవ్వరిని దిగనీయకుడు.