ఇంటా బయటా: రొయ్యకు పథ్యం

ఈ నెల ఒక అంగుళం పొడవున్న రొయ్య జబ్బు గురించి రాస్తున్నాం. "రొయ్యకు జబ్బేమిటండీ, ఉల్లిపాయలు తరుక్కోక!" అని నవ్వేవాళ్ళు నవ్వవచ్చు. మేమూ ఒకప్పుడు అలా నవ్వినవాళ్ళమే.

మా అమ్మాయి పదో పుట్టినరోజుకు 10 గాలన్ల గాజుతొట్టె కొనిపెట్టాం. చేపలు వద్దంది, రొయ్యలు కావాలంది. ఇక్కడి దుకాణాల్లో చెర్రీ రొయ్యలని ఎర్రటి చిన్నవి అమ్ముతారు. చైనా, తైవాన్ వాగుల్లో పుట్టిన జాతి. అక్కడ మట్టిరంగులో ఉండేవాటిలోంచి ఏరి ఏరి పెంచి ఎరుపు తెప్పించారు. నాచు గీరుకు తింటాయి, ఎవరి జోలికీ పోవు. ఇరవై తెచ్చాం. భీమవరం దగ్గరి పల్లె నుంచి చుట్టపుచూపుగా వచ్చిన అమ్మమ్మగారు కళ్ళజోడు సర్దుకుని చూసి, "ఇరవై కలిపినా ఒక ముద్దకు చాలవు" అని తేల్చేశారు.

వారం తిరక్కుండానే ఒక ఉదయం అమ్మాయి ఒకటే ఏడుపు. తొట్టె అడుగున ఒక రొయ్య కదలకుండా పడి ఉంది. తీరా చూస్తే అది వట్టి గుల్ల! మీసాలతో, కాళ్ళతో, కళ్ళ మీది తొడుగుతో సహా అచ్చం రొయ్యలాగే ఉంటుంది గాని, లోపల ఏమీ ఉండదు. గాజులా అవతలి పక్క కనబడుతుంది. చచ్చిన రొయ్య అలా ఉండదు, ఉడికినదానిలా మసకబారిపోతుంది. ఈ తేడా తెలియక మేము కాగితంలో చుట్టి పెరట్లో పాతిపెట్టబోయాం. నిజానికి ఆ గుల్లను తియ్యనే కూడదట. అందులోని సున్నం కోసం రొయ్యలే దాన్ని కొరుక్కు తింటాయి.

పాముకు కుబుసం ఎలాగో రొయ్యకు గుల్ల అలాగ. లోపల ఎముకలు లేవు కనుక గుల్లే దానికి చర్మమూ, ఎముకానూ. ఒకసారి గట్టిపడిన గుల్ల పెరగదు. కాబట్టి రొయ్య పెరగాలంటే గుల్ల విడవవలసిందే. ఎదిగిన చెర్రీ రొయ్య మూడు నాలుగు వారాలకొకసారి విడుస్తుంది, పిల్లలు ఇంకా తరచుగా. వేళ రాకుండా గుల్ల విడవకుండా ఆపి ఉంచే రసం దాని కంటి కాడల్లోనే ఊరుతుంది. ముందుగా పాత గుల్లలోని సున్నం కొంత ఒంట్లోకి తీసుకుంటుంది. కింద మెత్తని కొత్త గుల్ల కట్టుకుంటుంది. నీళ్ళు పీల్చి ఉబ్బుతుంది. అప్పుడు తల మీది డిప్పకూ తోక భాగానికీ మధ్య, వీపు మీద అడ్డంగా పగులు వస్తుంది. ఒక్క విదిలింపుతో వెనక్కి దూకి బయట పడుతుంది. అంతా సవ్యంగా ఉంటే క్షణాల్లో అయిపోయే పని. తరువాత కొత్త గుల్ల గట్టిపడేదాకా ఒకటి రెండు రోజులు నాచులో నక్కి ఉంటుంది.

సవ్యంగా లేకపోతే ఏమవుతుందో మొన్న సంక్రాంతికి చూశాం.

పండక్కి బొమ్మల కొలువు పెట్టాం. తొట్టెను కొలువు మెట్ల పక్కనే పెట్టి, అదే మన ఊరి చెరువని అమ్మాయి మురిసిపోయింది. పేరంటానికి వచ్చేవాళ్ళకు చెరువు తేటగా కనబడాలని ముందురోజు సగం నీళ్ళు తోడేసి కొత్తవి పోశాం. ఆ రాత్రే రెండు రొయ్యలకు కష్టం వచ్చింది.

ఒకదానికి నడుం చుట్టూ తెల్లటి ఉంగరం తేలింది. గుల్ల వీపు మీద మాత్రమే పగలకుండా చుట్టూతా విడిపోతే అలా కనబడుతుంది. విదిలించుకోవడానికి ఆనిక దొరకదు. తెల్లవారేసరికి పోయింది. రెండోది తోక బయటికి లాక్కుంది గాని తల డిప్పలో ఇరుక్కుపోయి, పక్కకు ఒరిగి కాళ్ళు కొట్టుకుంటోంది.

చూస్తూ ఊరుకోలేక టూత్‌పిక్కుతో ఆ డిప్పను తప్పించబోయాం. డిప్ప వచ్చింది. దాంతోపాటు రెండు కాళ్ళూ, ఒక మీసమూ వచ్చాయి. పుల్ల పట్టుకున్న చెయ్యి మా ఇద్దరిలో ఎవరిదో ఇక్కడ రాయం. ఇద్దరిదీ అనుకోండి. పక్కన నిలబడ్డ అమ్మాయి ఏడవలేదు. "దానికి నొప్పి పుట్టించారు" అని మాత్రం అని వెళ్ళి పడుకుంది.

మాకు నిద్ర పట్టలేదు. అప్పుడు అమ్మమ్మగారు తమ్ముడికి ఫోను చేశారు. ఆయనకు అక్కడ పొద్దెక్కింది, చెరువు గట్టు మీదే ఉన్నారు. 1990ల నడుమ తెల్లమచ్చ తెగులుకు టైగరు రొయ్య తుడిచిపెట్టుకుపోయినప్పుడు నష్టపోయి, 2009లో వనామి రొయ్య మన దేశానికి వచ్చాక మళ్ళీ చెరువు పట్టిన మనిషి. అంతా విని, "పుల్లతో గెలికారా అక్కా? ఇంక దాన్ని ముట్టుకోవద్దని చెప్పు. రొయ్యను చూడొద్దు, నీళ్ళను చూడమను" అన్నారు. చెరువులో రొయ్యలు గుల్ల విడిచే రోజుల్లో మేత తగ్గిస్తారట, గాలి చక్రాలు ఎక్కువ సేపు తిప్పుతారట, వల మాత్రం వెయ్యరట. మెత్తని రొయ్య వలలో నలిగిపోతుంది, ధరా పలకదు. ఉప్పదనం తక్కువ ఉన్న నీళ్ళలో పెంచేవాళ్ళు ఖనిజాలు కొని చెరువులో చల్లుతారు. "మీ నీళ్ళలో సున్నం ఉందా?" అని ఆయన అడిగిన ప్రశ్నకు మా దగ్గర జవాబు లేదు.

మర్నాడు చుక్కల మందుతో నీళ్ళు పరీక్ష చేశాం. చెర్రీ రొయ్యకు కాల్షియం, మెగ్నీషియం కలిపి కొలిచే గట్టిదనం 6 నుంచి 8 డిగ్రీలు ఉంటే మంచిది. మా తొట్టెలో 2 ఉంది! మాది ఇండియానా. భూమి అడుగంతా సున్నపురాయి. పాలు కాచే గిన్నెకు కూడా తెల్లపొర కట్టే ఊళ్ళో సున్నం ఎక్కడికి పోయింది?

నేలమాళిగలోని సాఫ్ట్‌నర్‌లోకి పోయింది. మనలో చాలామంది ఇళ్ళల్లో ఉండేదే, నెలకొకసారి ఉప్పు బస్తా పోస్తుంటామే, అదే. అది నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం పట్టుకుని బదులుగా సోడియం ఇస్తుంది. గిన్నెలకూ జుట్టుకూ మంచిదే. రొయ్యకు మాత్రం గుల్ల కట్టుకునే సరుకు ఉండదు. వేసవిలో పెరటి కుళాయి నీళ్ళు పోసేవాళ్ళం, దానికి సాఫ్ట్‌నర్ లేదు. నవంబరులో గడ్డకడుతుందని ఆ కుళాయి కట్టేసి, అప్పటినుంచీ వంటింటి నీళ్ళే పోశాం. అలా రెండు నెలలు వారం వారం సున్నం తగ్గుతూ వచ్చింది. పండగ ముందు సగం నీళ్ళు ఒక్కసారిగా మార్చి మిగిలిందీ ఊడ్చేశాం. నీళ్ళు ఒక్కసారిగా మారితే రొయ్య సిద్ధం కాకముందే గుల్ల విడుస్తుందని పెంచేవాళ్ళ అనుభవం. మందు తప్పు కాదు, దుకాణం తప్పు కాదు. చెరువు తేటగా కనబడాలన్న మా సరదాదే తప్పు.

ఇక వైద్యం అంటారా, వైద్యం పేరుతో మేము చేసింది చాలా తక్కువ. వలగుడ్డతో చేసిన చిన్న పెట్టె ఒకటి తొట్టెలోనే వేలాడదీసి, రోగిని గరిటెతో నీళ్ళతో సహా ఎత్తి అందులో వదిలాం. వేరే గిన్నెలో పెడితే నీళ్ళు మళ్ళీ మారిపోతాయి. అలాగని ఊరికే వదిలితే తోటి రొయ్యలే మెత్తగా ఉన్నదాన్ని పీక్కు తింటాయి. దాక్కోవడానికి గుప్పెడు నాచు వేశాం. దీపం ఆర్పేశాం. గాలి బుడగలు సన్నగా వదిలాం. మందులేవీ వెయ్యలేదు. చేపల మందుల్లో కొన్నింట్లో రాగి ఉంటుంది, రొయ్యకు అది విషం.

పెట్టెలో ఒక బాదం ఆకు కూడా వేశాం. దుకాణంలో ఎండు బాదం ఆకులు పొట్లం కట్టి డాలర్లకు అమ్ముతుంటే అమ్మమ్మగారు బుగ్గలు నొక్కుకున్నారు. "మా పెరట్లో రోజూ ఊడ్చి పోగు పెట్టేవే ఇవి! విస్తళ్ళు కుట్టగా మిగిలినవి పొయ్యిలోకి పోతాయి" అన్నారు. ఆకు నానిన కొద్దీ నీళ్ళు లేత టీ రంగుకు తిరుగుతాయి. ఆకు మీద పట్టే జిగురును రొయ్య మెల్లగా గీరి తింటుంది. జబ్బుమనిషికి జావ లాంటిదన్నమాట.

సున్నం కూడా ఒక్కరోజులో నింపలేదు. రొయ్యలకోసమే అమ్మే ఖనిజాల పొడి గాలను నీళ్ళలో కలిపి, సన్నని గొట్టానికి ముడి వేసి, చుక్క చుక్కగా దింపాం. రెండు మూడు రోజులకు ఒక గాలను చొప్పున 6 డిగ్రీలకు చేరడానికి మూడు వారాలు పట్టింది.

ఆ మధ్య ఒక రాత్రి భోజనాల దగ్గర రొయ్యల ఇగురు. ఫ్రీజరు సంచీ మీద ఇండియా అని ఉంది. మన దేశపు పెంపకం రొయ్యల్లో ఎక్కువ భాగం ఆంధ్రావే, ఎన్నో ఏళ్ళుగా వాటిని ఎక్కువగా కొంటున్నదీ ఈ దేశమే. అమ్మాయి కంచంలోకి చూస్తూ, "దీన్ని తింటాం, దానికి మాత్రం సేవ చేస్తాం. ఎందుకు?" అంది. మేము నీళ్ళు నమిలాం. అమ్మమ్మగారు చెప్పారు: "మీ చిన్న తాతయ్య అమ్మేందుకే పెంచుతాడు తల్లీ. అయినా గాలి ఆడకపోతే అర్ధరాత్రి లేచి చెరువుకు పరిగెడతాడు. నీ నీళ్ళలో ఉన్నన్నాళ్ళూ అది నీ పూచీ." అమ్మాయి ఇగురు తిన్నదీ లేనిదీ చెప్పం గాని, ఆ మాట తరువాత మాతో మామూలుగా మాట్లాడింది.

రోగి మూడో రోజున లేచి నిలబడింది. ఐదో రోజున ఆకు గీరింది. నెల దాటాక ఒక తెల్లవారుజామున చక్కగా, నిండుగా గుల్ల విడిచింది. ఊడిన కాళ్ళ చోట దారప్పోగుల్లాంటి రెండు చిన్న కాళ్ళు వచ్చాయి. ఇంకో రెండు మూడు గుల్లలు విడిస్తే సరిసమానం అవుతాయట. చేతులు పెట్టకుండా ఉండి ఉంటే అసలే పోయేవి కావేమో అనే అనుమానం మాత్రం మాకు మిగిలిపోయింది.

తొట్టె ఉన్న పాఠకులకు ఒక మాట. మీ ఊరి నీళ్ళ సంగతి ముందుగా తెలుసుకోండి. బోస్టన్, న్యూయార్క్, సియాటిల్ నీళ్ళు స్వతహాగా మెత్తనివి, అక్కడ సాఫ్ట్‌నర్ లేకపోయినా సున్నం చాలదు. ఫీనిక్స్ వాళ్ళకు ఆ బెంగ లేదు. ఏటా జూలై 1 లోగా నీటి సరఫరావాళ్ళు ఇచ్చే నివేదికలో క్లోరమీన్ కలుపుతున్నారేమో చూడండి. వట్టి క్లోరిన్ అయితే బకెట్లో రాత్రంతా ఉంచితే పోతుంది. క్లోరమీన్ అలా పోదు, విరుగుడు మందు వెయ్యాలి. వేడినీళ్ళ కుళాయి వాడకండి, గొట్టాల రాగి దిగే ప్రమాదం ఉంది. వారానికి పదోవంతు నీళ్ళకు మించి మార్చకండి, ఎవరు పేరంటానికి వచ్చినా సరే.

మా తొట్టె మీద ఇప్పుడొక అట్టముక్క అంటించి ఉంది. వంకర తెలుగు అక్షరాల్లో అమ్మాయే రాసింది: "ఆదివారం 1 గాలను. అమ్మా నాన్నా, చేతులు పెట్టకండి."