మీటర్లలో చెప్తే ఎక్కదు సార్, డ్రమ్ముల్లో చెప్పండి



పోయిన నెల మా ఊరి రచ్చబండ కాడ భూగర్భ జలాల మీద అవగాహన సదస్సు పెట్టినారు. వచ్చిన సార్ మంచోడే, బాగా చదువుకున్నోడు. గంటసేపు రీచార్జ్ అన్నాడు, అక్విఫర్ అన్నాడు, సెమీ క్రిటికల్ అన్నాడు. మేం తలలూపినాం, టీ తాగినాం, ఇళ్ళకొచ్చినాం. తెల్లారేసరికి మా పక్క చేను మామ బోరు బండికి ఫోన్ చేసినాడు.

సార్ చెప్పినదాంట్లో తప్పు లేదు. మాకు అందలేదు, అంతే.

అదే లెక్క మన భాషలో చేసి చూద్దాం. ఎకరం మీద ఒక్క మిల్లీమీటరు వాన పడితే సుమారు 4,000 లీటర్లు. అంటే 200 లీటర్ల డ్రమ్ములు 20. మన అనంతపురంలో ఏడాదికి సగటున 550 మిల్లీమీటర్లు పడతాదనుకుంటే, ఎకరానికి 11,000 డ్రమ్ములు. మనది రాతి నేల. అందులో పదో వంతు లోపలికి ఇంకితే గొప్ప, అంటే 1,100 డ్రమ్ములు. మరి బోరు కింద ఎకరం వరికి? సుమారు 24,000 డ్రమ్ములు. అందులో సగం మళ్ళీ భూమిలోకే ఇంకుతాదనుకున్నా, పదెకరాల వాన నీళ్ళు ఒక్క ఎకరం వరి తాగేస్తాది. వేరుశనగకైతే వరిలో సగం కూడా అక్కర్లేదు.

ఈ లెక్క మామకు చెప్తే కాసేపు మాట్లాడలేదు. "అయితే నేను తోడేది పక్కోళ్ళ నీళ్ళా రా?" అన్నాడు. గంట ఉపన్యాసం చేయలేని పని డ్రమ్ము చేసింది.

ఇది నేను కనిపెట్టింది కాదు. 2003 తర్వాత ఉమ్మడి రాష్ట్రంలో 7 కరువు జిల్లాల్లో, మన అనంతపురంతో సహా, ఏపీఫామ్స్ అనే ప్రాజెక్టు నడిచింది. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ తోడ్పడింది. రైతులే, ఆడోళ్ళూ మగోళ్ళూ, వాన కొలిచినారు, బోర్లలో నీటి మట్టం కొలిచినారు, బోరు ఎంత పోస్తాదో డ్రమ్ము పెట్టి సెకన్లు లెక్కబెట్టినారు. ఆ అంకెలు ఊర్లో బోర్డు మీద రాసినారు. రబీకి ముందు అందరూ కూర్చుని ఉన్న నీళ్ళెన్ని, వేయాలనుకున్న పంటలకు ఎన్ని కావాలి అని బడ్జెట్ వేసుకున్నారు. వరి వేయొద్దని ఎవరూ ఆర్డరు వేయలేదు, మానుకుంటే డబ్బులిస్తామనీ అనలేదు. అయినా చాలా ఊర్లలో నీళ్ళెక్కువ తాగే పంటలు తగ్గినాయి.

ఎందుకంటారా? తన చేత్తో కొలిచిన అంకెను రైతు కాదనలేడు.

"నేనొక్కణ్ణి తగ్గిస్తే పక్కోడు తోడేస్తాడు కదన్నా" అని కొందరంటారు. నిజమే. బోర్డు అవసరం అందుకే. అంకె ఊరందరి కళ్ళముందుంటే మాట్లాడుకోడానికి ఒక దారి దొరుకుతాది. దాంతో అందరూ మారిపోతారని నేననను. కానీ ఇప్పుడైతే చీకట్లో పోటీ పడి బోర్లేసి, అప్పులపాలవుతా ఉన్నాం.

సార్లకు నా మనవి ఒకటే. ఈసారి వచ్చేటప్పుడు పేపర్లు కాదు, ఒక వానమాపకం, నీటి మట్టం కొలిచే టేపు తెచ్చి మా చేతికివ్వండి. కొలవడం నేర్పించండి. ఏ పంట వేయాలో మేం తేల్చుకుంటాం.

మనకూ ఒక మాట. రేపు పొద్దున కరెంటు రాగానే బోరు కింద డ్రమ్ము పెట్టండి. ఎన్ని సెకన్లలో నిండిందో గోడ మీద తేదీ వేసి రాయండి. వచ్చే నెల మళ్ళీ పెట్టండి. నాది మొన్న 94 సెకన్లు. మీదెంత?