నానో కోటింగ్‌కు రూ.300 పెట్టే ముందు ఒక నీటి చుక్క వేసి చూడండి

గత నెల వనపర్తి వెళ్తే మా మామయ్య కొత్త ఫోన్ చూపించారు. టెంపర్డ్ గ్లాస్ పీకేయించి, రూ.300కి "నానో కోటింగ్" వేయించారట. "కింద పడ్డా ఏం కాదు, 9హెచ్ అని చెప్పిండు షాపాయన" అన్నారు. వారం తిరక్కుండానే పల్లీ చేను దగ్గర ఫోన్ జారిపడి డిస్‌ప్లే పగిలింది. మార్చడానికి రూ.4,500. గద్వాల, నాగర్‌కర్నూల్‌లో తిరిగినప్పుడు కూడా ఇదే మాట విన్నాను. అందుకే రాస్తున్నా.

కోటింగ్ అనేది అబద్ధం కాదు, కానీ దాని పని వేరు. గ్లాస్‌లో ఎక్కువ భాగం సిలికా. సైలేన్ అణువు ఒక కొసతో ఆ సిలికాను పట్టుకుంటుంది. రెండో కొసన ఉన్న ఫ్లోరిన్ గొలుసు నీటిని, జిడ్డును అంటనివ్వదు. 2009లో ఐఫోన్ 3జీఎస్‌లో వచ్చిన వేలిముద్రలు అంటని పూత ఈ రకానిదే. దాని మందం కొన్ని నానోమీటర్లు, మహా అయితే కొన్ని పదులు. మన వెంట్రుకే దాదాపు 70,000 నానోమీటర్లు ఉంటుంది! ఇంత పలుచటి పొర దెబ్బను ఎలా ఆపుతుంది? ఇక 9హెచ్ అనేది పెన్సిల్‌తో గీకి చూసే పరీక్ష. కింద పడటానికీ దానికీ సంబంధం లేదు.

ఫ్యాక్టరీలో గ్లాస్‌ను ప్లాస్మాతో శుభ్రం చేసి, వాక్యూమ్‌లో పూత వేస్తారు. షాపులో జిడ్డు సరిగా తుడవకుండా రుద్దితే, సైలేన్‌కు పట్టుకోవడానికి గ్లాసే దొరకదు. కొత్త ఫోన్‌పై కంపెనీ పూత ముందే ఉంటుంది కాబట్టి, అక్కడా పట్టు చిక్కదు.

ల్యాబ్‌లో నీటి చుక్క గ్లాస్‌తో చేసే కోణం కొలుస్తారు. మంచి పూతపై అది 110 డిగ్రీల దాకా ఉంటుంది. మీరు కంటితోనే చూడొచ్చు: స్క్రీన్‌పై ఒక చుక్క వేయండి. ముత్యంలా నిలబడితే పూత బాగానే ఉంది, డబ్బులు దండగ చేయొద్దు. పరుచుకుంటే అరిగిపోయినట్టే.

మన దుమ్ములో ఉండేదీ ఇసుకే, అంటే సిలికానే. కండువాతో గట్టిగా తుడిస్తే పూతను మనమే గీకేస్తున్నట్టు. ముందు దుమ్ము ఊదేసి, మెత్తటి గుడ్డతో తుడవండి.

నా మాట ఒక్కటే: పూత అరిగిన పాత ఫోన్‌కైతే కోటింగ్ ఓకే. పగలకుండా ఉండాలంటే మాత్రం టెంపర్డ్ గ్లాస్, మంచి కేస్ వేయించుకోండి. షాపులవాళ్లు కూడా ఈ తేడా చెప్పి అమ్మితే, కస్టమర్ మళ్లీ వాళ్ల దగ్గరికే వస్తాడు.