తిరుగబడిన ముక్కలో దిగులుకు మందు కలదా?

వీధిలో చిలుకజోస్యమును చూచి నవ్వు చదువరులే నేడు టారో ముక్కల ముందు చేతులు కట్టుకొని కూర్చుండుట వింతగా నున్నది. చిలుక తీసిన కాగితము మూఢత్వమట. సెల్‌ఫోనులో ఆంగ్లమున చెప్పిన ముక్క మనశ్శాస్త్రమట! నిద్రపట్టని పిల్లలు తమ దిగులును గూర్చి, ముక్క నిలువుగా వచ్చినదా, తిరుగబడి వచ్చినదా యని విచారించుచున్నారు. ఈ విచారణ వ్యర్థమే కాదు, హానికరమని కూడ నా వాదము.

టారో 15వ శతాబ్దమున ఉత్తర ఇటలీలో పుట్టిన పేకాట. ముక్కలు 78. సుమారు మూడు వందల యేండ్లు అది ప్రధానముగా వినోదమే. 1781లో కూర్ ద జెబెలాఁ అను ఫ్రెంచి పండితుడు అది ప్రాచీన ఐగుప్తు విజ్ఞానమని చాటెను. ఐగుప్తు చిత్రలిపి రహస్యమును షాంపోలియన్ వెల్లడించినదో, 1822లో! పిదప అలియెత్ అను నతడు 1785లో టారో జోస్యముపై గ్రంథము ప్రకటించి, తిరుగబడిన ముక్కకు వేరర్థము చెప్పు పద్ధతిని వ్యాపింపజేసెను. అతడు తన పేరులోని అక్షరములను కూడ తిరుగవేసి ఎత్తెయ్యా యని పిలిపించుకొన్నాడు!

ఆందోళనకు గుర్తుగా నేడు చూపునది తొమ్మిది ఖడ్గముల ముక్క. 1909లో లండనులో వెయిట్ వెలువరించిన పేకకు పమేలా కోల్మన్ స్మిత్ గీసిన బొమ్మలో, ఒక మనిషి పడకపై లేచి కూర్చుండి ముఖమును చేతులతో కప్పుకొనును. అది తిరుగబడినచో చెర, అనుమానము, సిగ్గు అని వెయిట్ వ్రాసెను. నేటివారిలో కొందరు దిగులు తీరుచున్నదందురు. మరికొందరు లోలోపల దాగినదందురు. ఒకే ముక్క, ఒకే తీరు, మూడు తీర్పులు! ఏది చెప్పినను తప్పు కాని మాటకు విలువ యేమి?

నేను గుమాస్తాగా బ్రతికినవాడను. కాగితమును తలక్రిందులుగా పెట్టినంత మాత్రమున అందలి బాకీ మారదు. ముక్క తిరుగబడుట కలిపిన చేతి పని. మనస్సు పని కాదు.

"అయినను నాకు సరిగ్గా సరిపోయినదే!" యందురు. 1948లో ఫోరర్ అను అమెరికను ఆచార్యుడు 39 మంది విద్యార్థులకు వారి స్వభావవర్ణనమని చెప్పి ఒకే కాగితమును పంచెను. అది తమకు సరిపోయినదని వారు సగటున 5కు 4కు మించి మార్కులు వేసిరి.

"ముక్క నెపముగా మనస్సు విప్పుకొందుము, అంతియే" యనువారును కలరు. మేలు చేయునది మనస్సు విప్పుకొనుటయే యైనచో, దానికి ముక్క యేల? పరీక్షకు ముందు బెరుకు, దూరమున నున్న తల్లికై బెంగ, అప్పు తీరదను దిగులు, కారణము తెలియని గుబులు: ఇన్ని మాటలు మన భాషలో నున్నవి. ఒక్కొక్కదానికి ఉపాయము వేరు. పరభాషల నడుమ పెరిగిన మన పిల్లలకు "టెన్షన్" అను ఒక్క మాటయే మిగులుచున్నది. టారో చెప్పువాడు దానిని రెండు ముక్కలు చేసి అమ్ముచున్నాడు.

కావున పెద్దలారా, పిల్లలను గద్దింపక, ఇంటిభాషలో వారి దిగులుకు పేరడుగుడు. నిద్రయు, తిండియు చెడినచో వైద్యునికి చూపుడు. 2022లో కేంద్ర ప్రభుత్వము ప్రారంభించిన టెలీమానస్ వారు 14416 సంఖ్యలో రుసుము లేకయే తెలుగున కూడ మాటలాడుదురు. అచ్చట వినువాడు మనిషి. ముక్కకు చెవులు లేవు.